కైలాసం కాక అతికిన సినిమా

పదకొండో భాగం

పోయిన వారం మీరు నన్ను చొప్పదండిల ఒక మూసిన తలుపు ముందట నిలవెట్టి పోయిన్రు. మంచిదే. అక్కణ్నుంచే మొదలువెడుత.

ఇయ్యాల్లనే ఈ కథ చేతికి తీసుకున్నోళ్ల కోసం జర వెనుకకు పోత. నా పేరు తిరుమల. కరీంనగర్ల ఒక డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్త. పుట్టి పెరిగింది బెల్లంపల్లిల, మా బాపు ఓదెలు బొగ్గుబాయిల పని చేసెటోడు. ఆరేండ్ల సంది సినిమాల పోస్ట్ మోడర్నిజం ఎక్కడ పుట్టింది, ఎట్ల పాకింది అని పీహెచ్‌డీ చేస్తున్న. అందుల మూడో అధ్యాయం, నలభై పేజీలు, నా ఎనిమిదో ఏట బెల్లంపల్లి కార్మిక టాకీసుల చూసిన ఒకే ఒక్క సినిమా మీద రాసిన. నన్ను సినిమా పిచ్చిదాన్ని చేసింది ఆ సినిమానే. దాని పేరు నాకు తెల్వదు, ఎవ్వలు తీసిన్రో తెల్వదు, ఏ జాబితాల ఎతికినా దొరుకలే. నా గ్రంథం చదివిన పరీక్షకుడు ఒక్క ముక్క రాసి పంపిండు: ఈ చిత్రం ఉన్నదనేదానికి రుజువు ఏది? శనివారం నాడు ఆయన ముందట కూసొని జవాబు చెప్పాలె. చెప్పకపోతే అధ్యాయం పోతది, అధ్యాయంతోని నా ఆరేండ్లు పోతయి.

ఆ జవాబు తెలిసినోడు భూమ్మీద ఒక్కడే ఉన్నడు, ఆ టాకీసుల మిషిన్ నడిపిన కైలాసం కాక. వాళ్లను వీళ్లను అడిగి ఆయనను చొప్పదండిల పట్టుకున్న. కార్మిక టాకీసు అనే మాట నా నోట్లకెళ్లి ఎల్లంగనే తలుపు ఏసుకున్నడు. లోపటికెళ్లి ఆయన పెండ్లాం గంగుబాయి మాత్రం "మంగళారం పొద్దుగాల రా బిడ్డా, ఈయన సంగతి నేను జూస్త" అన్నది.

మంగళవారం తొమ్మిది కొట్టక ముందే పోయిన. తలుపు గంగుబాయి చిన్నమ్మనే తీసింది. అరవై ఆరేండ్ల మనిషి. మాట కంటే నవ్వు ముందు వస్తది.

"అచ్చినవా, రా. మల్ల తలుపేస్తే గడె ఊడవీకుత అని జెప్పిన. ఇయ్యాల్ల బుద్ధిమంతుడైండు సూడు" అన్నది.

బుద్ధిమంతుడు మంచం మీద కూసున్నడు. అంగీ గుండీలు మెడ దాక పెట్టుకున్నడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు. ఠాణాకు పిలిపిస్తే పోయి కూసున్నోని తీరు ఉన్నడు. నాకు నవ్వొచ్చింది గని ఆపుకున్న.

"ఏ ఆఫీసు నుంచి అచ్చినవ్?" అన్నడు.

"ఆఫీసు కాదు కాకా. కాలేజీ."

"ఫిలిం కంపినోళ్లు తోలిచ్చిన్రా?"

"నన్నెవ్వలు తోలియ్యలే. నేను బెల్లంపల్లి ఓదెలు బిడ్డను."

ఆయన తల లేపి నన్ను అప్పుడు చూసిండు, సక్కగ. "ఏ ఓదెలు? కాలు ఇరిగిన ఓదెలా?"

"అవును. ఇప్పటికీ కుంటుకుంటనే నడుస్తడు."

"ఉన్నడా?"

"మంచిగున్నడు. అవ్వ, బాపు ఇద్దరు నా దగ్గరనే ఉంటరు. ఆయనకు పొద్దుకు నాలుగు సార్లు చాయ కావాలె. చక్కెర తక్కువైతే నాకు కాలేజీకి ఫోన్ చేస్తడు."

కైలాసం కాక మెల్లగ మెడకాడి గుండీ ఇప్పుకున్నడు. "చక్కెర తక్కువైతే ఫోన్ జేస్తడట. ఇన్నవా గంగూ" అన్నడు. ఆ మాటల ఎంత సంతోషం ఉన్నదో నాకు అప్పుడు సమజ్ కాలే. మా బాపుకు ఈయనకు గింత దోస్తానా ఎక్కడిదో అనుకున్న, గంతే.

మనిషి మెత్తవడ్డడు గద అని నేను సంచిలకెళ్లి గ్రంథం తీసి మంచం మీద పెట్టిన. మూడు వందల పేజీల అట్ట పుస్తకం. ఆయన ముందుగాల చేతులు లుంగీకి తుడుసుకొని, అప్పుడు ముట్టిండు. "దేని మీద రాసినవ్ బిడ్డా?"

"పోస్ట్ మోడర్నిజం మీద."

"నోరు తిరుగని పేరు. తెలుగుల జెప్పు."

తెలుగుల చెప్తే ఆధునికోత్తరవాదం. అది ఇంకా తిరుగదు. నేను పేరు పక్కకు పెట్టి ముచ్చట చెప్పిన. రెండో ప్రపంచ యుద్ధం అయినంక కొన్నేండ్లకు పారిస్ పట్నంల కొందరు పోరగాళ్లు ఉండిరి కాకా, వాళ్లకు పాత సినిమాలు చూసుడు, వాటి మీద రాసుడు తప్ప వేరే పని లేకుండె. వాళ్లే కెమెరా పట్టుకున్నరు. షాటు నడుమ ముక్క ఎగరగొట్టిన్రు. తాము చూసిన పాత సినిమాల తీరును తెచ్చి తమ సినిమాల పెట్టుకున్నరు. తెర మీది మనిషి మన దిక్కు చూసి మనతోనే మాట్లాడిండు. అటెనుక ఇండ్ల నక్షలు గీసేటోళ్లు ఒకటే ఇంటికి నాలుగు కాలాల కిటికీలు పెట్టి కట్టవట్టిన్రు. ఈ పేరు వాళ్ల నోట్లనే బాగ నానింది, అటు నుంచి వచ్చి సినిమాకు అంటుకున్నది. అమెరికాల వీడియో క్యాసెట్లు చూసుకుంట పెరిగినోళ్లు కథను ముక్కలు చేసి, ఆఖరిది ముందుగాల చూపిచ్చిన్రు. ఇగ మన తెలుగుల జూడు, హీరో పాత హీరో లెక్క నడిచి నవ్విస్తడు, సినిమా తీసేటోళ్ల మీదనే సినిమా తీస్తరు. అంత దూరం పాకింది.

కాక అంతా విన్నడు. "అంటే, అతికిన కాడ జాయింట్ కనవడాలె అంటవ్" అన్నడు.

ఆరేండ్లల నా గైడ్ హరీష్ సార్ కూడా ఇంత సక్కటి మాట చెప్పలే. "అవును కాకా. అదే."

"మా పనిల జాయింట్ కనవడితే కుర్చీలు ఇరుగుతుండె. మీ దాంట్ల కనవడితే డాక్టర్ అంటరా?"

చిన్నమ్మ పక్కున నవ్వింది. నేను కూడా నవ్విన. నవ్వుకుంటనే నా అసలు వాదం చెప్పిన. ఇది పారిస్ల పుట్టి మన దగ్గరికి బండెక్కి వచ్చిందని పుస్తకాలల్ల రాస్తరు. నేను ఒప్పుకోను. బెల్లంపల్లోళ్లకు సినిమాను మొదటి నుంచి చూడాలె అనే పట్టింపు ఎన్నడు లేకుండె. బాయిల ఫస్ట్ షిఫ్టు ఇడిసేది మూడింటికి, మ్యాట్నీ మొదలయ్యేది రెండున్నరకు. పని దిగి, తానం చేసి, ఇంత తిని టాకీసుకు వచ్చేసరికి ఇంటర్వెల్ అయ్యేది. రెండో సగం చూసి, టికెట్ ముక్క జేబుల దాసుకొని, తెల్లారి అదే ముక్క చూపెట్టి మొదటి సగం చూసేటోళ్లు. గేటు కాడ ఎవ్వలు కాదనకపోయేది. మా కాలనీల హీరో ఇయ్యాల్ల సచ్చి, రేపు పుడుతుండె. పారిస్ ముచ్చట తెల్వకుండనే మావోళ్లు కథను తిప్పేసి చూసిన్రు.

"ఆడోళ్ల గేటు కాడ నేనే ఉంటుంటి గద" అన్నది చిన్నమ్మ. "కొంగు ముడిల దాసుకొని, మాసిపోయిన ముక్కలు తెచ్చేటోళ్లు. పోనిస్తుంటి."

అప్పుడు నా సినిమా ముచ్చట తీసిన. నాకు యాదికున్నది ఉన్నట్టు చెప్పిన. ఒక రాజు గుర్రమెక్కి అడవిలకు పోతడు. బయటికి వచ్చేది స్కూటర్ మీద, వేరే ముఖంతోని. వాళ్లమ్మ ఆ ముఖం చూసి "అన్నం తిన్నవా" అంటది, ముఖం ఎందుకు మారిందని అడుగది. దేవలోకంల సభ నడుస్తుంటే పోలీసు వస్తడు. ఒక ఆడమనిషి మూడు సార్లు సస్తది, మూడు సార్లకూ వేరే చీర, నాలుగోసారి లేచి వానల ఆడుతది. నడిమిట్ల కథంతా ఆగిపోయి తెర మీద ఎనిమిది, ఏడు, ఆరు అని అంకెలు వస్తయి. పిల్లలందరం గొంతెత్తి లెక్కవెట్టినం.

"ఆ అంకెల మీద నేను పది పేజీలు రాసిన కాకా. చూసేటోడు కథల మునిగిపోకుండ, ఇది సినిమా అని దర్శకుడు ఇక్కడ యాది చేస్తుండని."

"దర్శకుడు" అన్నడు కాక. చిన్నమ్మ దిక్కు చూసిండు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఆ దర్శకుడు ఎవ్వలో చెప్పు. సినిమా పేరు చెప్పు. శనివారం నాడు నేను అదొక్కటి చెప్తే చాలు."

"ఏ దర్శకుడు బిడ్డా. అది సినిమా కాదు. తెగిన ముక్కలు. నేను అతికిన."

నాకు ముందుగాల అర్థం కాలే. అర్థమైనంక కోపం వచ్చింది. అబద్ధమెందుకు, మస్తు కోపం వచ్చింది. ఊరూరు తిరిగిన తెగిన ప్రింట్లు టాకీసుకు వస్తుండెనట. బాగు చేసేటప్పుడు పాడైన ముక్క కత్తిరించుడు ఆపరేటర్ పని. ఆ ముక్కలు పారెయ్యాలె. ఈయన పారెయ్యకుండ ఒక రేకు పెట్టెల ఏసుకున్నడు, ఏండ్లకేండ్లు. రాజు ఒక సినిమా, స్కూటర్ ఒక సినిమా, అన్నం తిన్నవా అన్న తల్లి ఇంకో సినిమా. నలభై పేజీల పొడుగున నేను దర్శకుని మనసుల ఏమున్నదో ఎతికితే, అక్కడ ఉన్నది ఒక రేకు పెట్టె.

"అంకెలు?" అన్న. నా గొంతు నాకే గట్టిగ వినవడ్డది. "ఆ అంకెలెందుకు పెట్టినవ్? పది పేజీలు కాకా. హైదరాబాద్ల చదివితే లేచి చప్పట్లు కొట్టిన్రు."

"చప్పట్లు కొట్టిన్రా?" ఆయనకు సంబురమైంది. "అవి రీలు మొదట్ల మాకోసం ఉంటయి. జనానికి సూపెట్టేటియి కాదు. ముక్క దొరుకక పెట్టెల చెయ్యి పెడితే అవే చేతికచ్చినయి. అతికిన."

"గట్లెట్ల చేస్తవ్? పైసలిచ్చి టికెట్ కొన్నోళ్లకు తెగిన ముక్కలు చూపెడుతవా?"

"ఆ దినం ఎవ్వలు టికెట్ కొనలే" అన్నది చిన్నమ్మ. నవ్వు లేదు ఆమె ముఖంల. "మీ అవ్వ నీకు జెప్పలేదా?"

"మా అవ్వకు ఆ సినిమా సంగతే యాదికి లేదు."

"యాదికి లేక కాదు బిడ్డా" అని నా పక్కకు వచ్చి కింద కూసున్నది. ఆమెనే చెప్పింది. మధ్యల కాక ఒక్కొక్క మాట కలిపిండు.

ఎండకాలం తాతీళ్లు. బడి లేదు, పిల్లలంత ఇండ్ల కాడనే ఉన్నరు. పొద్దటి షిఫ్టుల బాయిల కప్పు కూలింది. ఆరుగురు అవతల చిక్కిన్రు. అందుల మా బాపు ఒకడు. సైరన్ వినంగనే కాలనీ ఆడోళ్లు బాయి మొగదలకు ఉరికిన్రు, వాళ్ల ఎనుక పిల్లలు. లోపటికెళ్లి ఏమొస్తదో ఎవ్వలకు తెల్వదు. అది పిల్లలు చూడొద్దు. టాకీసు మేనేజర్ పరశురాములు నలభై మంది పిల్లలను తోలుకొచ్చి హాలుల కూసోవెట్టి, ఆడోళ్ల గేటు కాడి గంగుబాయిని వాళ్ల నడుమ కూసోవెట్టి, మిషిన్ రూముల కైలాసానికి ఒకటే మాట చెప్పిండు: ఆరుగురు బయటికి వచ్చెదాక బొమ్మ ఆగొద్దు.

"బొమ్మ ఏది?" అన్నడు కాక. "మాకు, మంచిర్యాల టాకీసుకు ఒకటే ప్రింట్. తక్కిన రీళ్ల డబ్బాలు అటున్నయి. నా కాడ ఉన్నయి రెండు రీళ్లు. ఇరవై నిమిషాల్ల ఒడుస్తయి. గప్పుడు పెట్టె తెరిసిన. ఒక మిషిన్ మీద ఆడుతుంటే, రెండో మిషిన్ కోసం ముక్కలు అతికిన. ఒంటిగంటన్నరకు మొదలువెడితే పొద్దుగూకి ఏడింటికి లైట్లేసిన."

ఐదున్నర గంటలు. నా గ్రంథంల "సుదీర్ఘ చిత్రం" అని రాసిన నేను, ఏదో తెలిసినట్టు.

మా బాపు కాలు బాయిల ఇరిగిందని నాకు తెలుసు. జారిపడ్డడని అవ్వ చెప్పింది. ఆ సినిమా చూసినంక మా మేనత్త నన్ను తోలుకపోయి నెల దినాలు తన ఇంట్ల ఉంచుకున్నదీ తెలుసు. ఈ రెండూ ఒక్క దినమే అయినయని ముప్పై ఏండ్లు నాకు తెల్వదు. మా బాపు చీకట్ల రాళ్ల కింద పండుకొని ఉన్నప్పుడు నేను ఎనిమిది, ఏడు, ఆరు అని అరుచుకుంట సంబురపడుతున్న. నన్ను సంబురపెట్టింది ఈ గుండీలు పెట్టుకున్న మనిషి.

నేను మంచం మీదికెళ్లి దిగి ఆయన కాళ్లు పట్టుకున్న. కోపం ఎటు పోయిందో తెల్వదు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలే. "కాకా, నేను చూసిన సినిమాలన్నిట్ల మంచి సినిమా నువ్వు చూపెట్టిందే" అన్న. "ఆరేండ్లు నేను ఎవ్వనికి మొక్కాలెనో తెల్వక పుస్తకాలకు మొక్కిన."

"లే బిడ్డా, లే. ఓదెలు చాయ తాగుతుండన్నవ్ గద, నాకదే బహుత్" అన్నడు. ఆయన కండ్లు కూడా తడిసినయి.

"ఆరుగురు వచ్చిన్రా?" అని అడిగిన.

"ఐదుగురు అచ్చిన్రు" అన్నది చిన్నమ్మ. "మా తమ్ముడు కొమురెల్లి రాలే. ఇరవై రెండేండ్ల పోరడు. నాతోటి పుట్టింది వాడొక్కడే. ఏడింటికి లైట్లేసి, పిల్లలను అప్పజెప్పినంక, ఈయన మెట్లు దిగచ్చి జెప్పిండు. ఇద్దరికి అప్పుడే తెలిసింది. ఉరికిపోయేసరికి వాణ్ని బట్టల సుట్టేసిన్రు. ముఖం సూడనియ్యలే."

నలభై మంది పిల్లలను నవ్వించిన ఇంట్లనే పీనుగు లేచింది. ఆమె నా తల నిమిరింది, నన్ను ఓదార్చినట్టు. ఎవ్వలు ఎవ్వలను ఓదార్చాలె అసలు.

జర తేరుకున్నంక నాకు ఒక ఆలోచన వచ్చింది. సినిమా దొరుకలే గని, తీసినోడు దొరికిండు. ఇంతకంటే రుజువు ఏం కావాలె. "కాకా, శనివారం నాతోని హైదరాబాద్ రా. ఆ పెద్దమనుషుల ముందట ఇప్పుడు చెప్పినట్టే చెప్పు. ఏ ముక్క ఎనుక ఏ ముక్క అతికినవ్, ఎందుకు అతికినవ్. నా అధ్యాయం నిలవడుతది. నీ పేరు దాని మీద రాస్త."

"నేను రాను" అన్నడు.

"ఎందుకు రావు?"

"రాను బిడ్డా. నీకు దండం వెడుత."

"పోరాదు" అన్నది చిన్నమ్మ. "ఎన్నడన్న ఒక మంచి పని జేసినవని నలుగురు అంటరు. నీకేం కట్టం? చాయ పెడుదామంటే పాలు ఇరిగినయి, నేను పోయి తెస్త. నేనచ్చేసరికి ఒప్పుకోవాలె సూడు." చెప్పులేసుకొని సందులకు పోయింది.

నేను ఆయన భయం నాకు తెలిసినట్టే మాట్లాడిన. "ముక్కలు దాసుకున్నందుకా కాకా? ముప్పై ఏండ్లాయె. ఆ కంపెనీలే లేవు. ఎవ్వడు అడుగడు, ఫికర్ చెయ్యకు."

"అది మందికి జెప్పే భయం" అన్నడు. గొంతు తగ్గించిండు. "వాళ్లు ఏ ముక్క ఎందుకు అతికినవ్ అని అడుగుతరు గద. అన్ని ముక్కలది జెప్త. ఒక్కదానిది జెప్పలేను. నడిమిట్ల ఒక ముక్క తలకిందుల ఆడింది, నీకు యాదికున్నదా?"

ఎందుకు లేదు. దాని మీద ఆరు పేజీలు రాసిన. తెర మీద ఒక పెండ్లి, మనుషులందరు కాళ్లు పైకి, తలకాయలు కిందికి, మాటలు ఎనుక నుంచి ముందుకు. పిల్లలందరం సక్కగ కనవడాలని తలలు కుర్చీల కిందికి వంచి చూసినం.

"అది నేను కావాలని పెట్టలే. నాలుగింటికి పరశురాములు పైకచ్చిండు. చెవుల జెప్పిండు. కొమురెల్లి దొరికిండు, పానం లేదు, తక్కినోళ్ల సప్పుడు ఇంకా రాలే అని. నా చేతులు అతుకుడు ఆపలే. సోయి లేక ముక్కను తోక దిక్కు నుంచి ఎక్కిచ్చిన. కిటికీలకెళ్లి కిందికి సూసిన. గంగు పిల్లల నడుమ కూసున్నది. నేను పోయి జెప్తే అది ఏడుస్తది. అది ఏడిస్తే నలభై మంది ఏడుస్తరు. మీ బాపోళ్లు ఐదుగురు ఇంక లోపటనే ఉన్నరు. వాళ్ల పిల్లలకు ఏమని జెప్పాలె? నేను పోలే బిడ్డా. ఇంకో ముక్క అతికిన. ఇంకోటి అతికిన. నాలుగు నుంచి ఏడు దాక దాని తమ్ముడు సచ్చిన ముచ్చట కడుపుల పెట్టుకొని దాన్ని కూసోవెట్టిన. నాలుగింటికి పోయి ఉంటే వాని ముఖం సూసుకునేది. అప్పటికి బట్ట సుట్టలే."

"చిన్నమ్మకు..."

"తెల్వదు. ఇద్దరికి ఒక్కసారే తెలిసిందనుకుంటది. ముప్పై ఏండ్ల సంది అన్నం పెడుతుంది నాకు."

నాకు సమజైంది, ఆయన ఆనాడు తలుపు ఎందుకు ఏసిండో. నేను ఎంత మెల్లగ అడిగినా, ఆ దినం ముచ్చట మొదలువెడితే నాలుగు గంటల కాడికే పోయి ఆగుతది. నా అధ్యాయం నిలవడాలంటే ఈయన సంసారం పణం పెట్టాలె. వద్దు అనుకున్న. ఈ మనిషి నాకు ఇచ్చింది చాలు, ఇంక అడుగొద్దు. "కాకా, నువ్వు రావద్దు. అధ్యాయం పోతే పోనియ్యి. నేనే తీసేస్త" అన్న. ఆ మాట అన్నంక నా మనసు తేలికైంది కూడా.

ఆయన కండ్లు నా ఎనుకకు చూస్తున్నయి.

తిరిగి చూసిన. చిన్నమ్మ గడప మీద నిలవడ్డది, చేతిల పాల ప్యాకెట్. ఎంత సేపటి సంది ఉన్నదో తెల్వదు. ఆమె ముఖం చూస్తే చాలాసేపటి సందే అనిపిచ్చింది. లోపటికి వచ్చి, పాల ప్యాకెట్ గిన్నెల పెట్టింది. చేతులు కడుక్కున్నది. నా ముందట కూసొని, మంచం మీది గ్రంథం తీసి నా ఒళ్లె పెట్టింది.

"ఆ తలకిందుల బొమ్మ ముచ్చట అండ్ల రాసినవా?"

"రాసిన చిన్నమ్మ."

"సదువు. ఆ దినం నేను ఒక్కసారి గూడ తెర దిక్కు సూడలే. పిల్లల దిక్కే సూసిన. నాలుగు గంటలకు నేను ఏం జేస్తున్ననో నాకు యాదికి లేదు, అది నాకు ఎరుక గావాలె."

"గంగూ" అన్నడు కాక. ఆమె ఆయన దిక్కు తిరుగలే.

"ఇప్పుడు వద్దు చిన్నమ్మ" అన్న.

"నా తమ్ముని ముచ్చట అది. సదువు."

నూట పన్నెండో పేజీ తీసిన. ఆరేండ్ల కింద మురిసిపోయి రాసుకున్న వాక్యం పేజీ మొదట్లనే ఉన్నది. చదువకుండ దాటిపోదామనుకున్న గని ఆమె నా నోటి దిక్కే చూస్తున్నది. చదివిన.

"ఇక్కడ బొమ్మ తలకిందులవుతుంది. హాలంతా నవ్వుతుంది. అందరికంటే గట్టిగా, పిల్లల మధ్య కూర్చున్న ఒక ఆడమనిషి నవ్వుతుంది."